మొదటి తరం లాయర్లకు మెంటరింగ్ కోర్సు: సీనియర్ మేడమ్ కోసం చేరండి

ఇంట్లో లాయర్లెవరూ లేని అమ్మాయిల కోసం నడిపే ఆరు నెలల ఆన్‌లైన్ మెంటరింగ్ కోర్సు ఈమధ్యే పూర్తి చేశాను. ఐదుకి మూడున్నర ఇస్తాను.

మా ఇంట్లో నల్లకోటు వేసుకున్న మొదటి మనిషిని నేనే. చాంబర్‌లో పక్క టేబుల్ అబ్బాయికి వాళ్ల నాన్నగారి క్లయింట్లు వస్తారు, నాకు ఫైలింగ్ పని, వాయిదా అడిగే పని వస్తాయి, జడ్జి ముందు నిలబడి వాదించే అవకాశం మాత్రం రాదు. ఇది నా ఒక్కదాని బాధే అనుకునేదాన్ని, మొదటి సెషన్‌లో దాదాపు అందరూ అదే చెప్పారు.

ఆ మూడున్నర మార్కులూ మెంటర్‌గా వచ్చిన సీనియర్ మేడమ్‌వే. మన దేశపు తొలి మహిళా లాయర్‌గా చెప్పుకునే కొర్నీలియా సొరాబ్జీ 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో లా పరీక్ష రాస్తే డిగ్రీ 1922లో ఇచ్చారని, ఆడవాళ్లు లాయర్లు కావడానికి భారతదేశంలో 1923లో గానీ చట్టం రాలేదని చెప్పి, "వాళ్లు అడిగారు కాబట్టే తలుపు తెరుచుకుంది, మీరూ మీ సీనియర్‌ని అడగండి" అన్నారు. ఎలా అడగాలో కూడా నేర్పారు. ఊరికే అవకాశం ఇవ్వండి అనకుండా, ఒక పాయింట్ మీద తీర్పులన్నీ చదివి, నోట్ రాసి చేతికిచ్చి, ఈ ఒక్కటీ నేను వాదిస్తాను సర్ అనాలట. అలాగే చేశాను. రెండో నెలలో ఒక మధ్యంతర పిటిషన్ (అసలు కేసు తేలేలోపు వేసేది) నేనే వాదించాను, కాళ్లు వణికాయి, ఆర్డర్ మాత్రం మా వైపే వచ్చింది.

నచ్చనిది కూడా చెప్పాలి. యాస, బట్టలు, సీనియర్లతో భోజనానికి వెళ్తే ఎలా మెలగాలి, వీటికే నాలుగు సెషన్లు! లోపం మా మాటతీరులో ఉన్నట్టు. అసలు కష్టం డబ్బు. జూనియర్‌గా మొదటి కొన్నేళ్లు చేతికి పెద్దగా ఏమీ రాకపోయినా ఇల్లు గడిచేవాళ్లే ఈ వృత్తిలో నిలబడగలుగుతున్నారు, ఆడపిల్లకైతే దాని మీద "ఇంకా ఎన్నాళ్లు" అనే ఇంటివాళ్ల ప్రశ్న ఒకటి. స్టైపెండ్ గురించి సీనియర్‌తో ఎలా మాట్లాడాలని నేను అడిగితే, ఓపిక పట్టాలి అన్నారు నిర్వాహకులు. మా బ్యాచ్‌లో ఇద్దరు మధ్యలోనే ప్రాక్టీస్ మానేసి కంపెనీ ఉద్యోగాల్లో చేరిపోయారు, ఎందుకని అడిగినవాళ్లు లేరు. నాకు ఇప్పటికీ అదే బాధ.

రికార్డింగులు వారానికే తీసేస్తారు, చంటిపిల్లలున్న వాళ్లకి అది చాలదు, కనీసం కోర్సు అయ్యేవరకు ఉంచాలి.

చేరేవాళ్లు మేడమ్ సెషన్లు ఒక్కటీ వదలకండి. యాస క్లాసులున్న వారం ఆ టైమ్‌లో ఒక కేసు ఫైలు పూర్తిగా చదువుకోండి.