ఇసండ్ల్వానా: ముందు జులూల వైపు నుంచి చూడండి

దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నాటాల్ యుద్ధభూములకు వెళ్లేవాళ్లు ఎక్కువగా, చిన్న బ్రిటిష్ దళం జులూలను అడ్డుకున్న రోర్క్స్ డ్రిఫ్ట్ మీదే రోజంతా పెట్టి, ఇసండ్ల్వానా దగ్గర గంటసేపు ఆగి వచ్చేస్తారు. ఇసండ్ల్వానాలో 1879 జనవరి 22న జులూలకు, బ్రిటిష్ సేనకు జరిగిన యుద్ధాన్ని పటం మీద గుర్తించాలంటే ఈ వరస పనికిరాదు. మొదట న్గ్వెబేని లోయకు వెళ్లాలి. సేనాపతి న్ట్షింగ్వాయో నడిపిన సుమారు 20,000 మంది జులూ సేన దాగింది అక్కడే. బ్రిటిష్ శిబిరానికి ఈశాన్యంగా ఏడెనిమిది కిలోమీటర్లే. మధ్యలో న్యోని గట్టు అడ్డం, శిబిరం నుంచి లోయ కనపడదు. అంత సేనను ఎందుకు పసిగట్టలేకపోయారో ఆ గట్టెక్కి రెండు వైపులా చూస్తే తెలిసిపోతుంది. దారి ఊళ్ల మధ్య నుంచి, పశువుల మేత నేలల మీదుగా పోతుంది కాబట్టి స్థానిక జులూ గైడ్ తప్పనిసరి.

ఇసండ్ల్వానా కొండ కింద సున్నం వేసిన రాళ్ల కుప్పలు బ్రిటిష్ సైనికుల సమాధులు. జీపీఎస్‌లో వీటినే బ్రిటిష్ సైనికులు నిలబడి కాల్చిన వరసగా గుర్తించడం మామూలుగా జరిగే పొరపాటు. సైనికులు చాలామంది వెనక్కి తగ్గుతూ చనిపోయారు, పూడ్చింది నెలల తర్వాత. అసలు కాల్పుల వరస ఇంకా ముందుకు, వాగుల వైపు ఉండేది. మ్జిన్యాతి (బఫలో) నది వైపు సాగే కుప్పలు పారిపోయినవాళ్ల దారి చూపిస్తాయి.

పాత 1:50,000 పటాలు వాడితే జాగ్రత్త. అవి కేప్ డేటమ్‌లో, అంటే అక్షాంశ రేఖాంశాలు లెక్కించే పాత పద్ధతిలో ఉంటాయి. జీపీఎస్‌ను అది మామూలుగా వాడే డబ్ల్యూజీఎస్84 డేటమ్‌లోనే ఉంచి అంకెలు ఎక్కిస్తే ఇక్కడ సుమారు 50 మీటర్లు తేడా వస్తుంది, సమాధి వాగులో పడుతుంది. దిక్సూచి ముల్లు కూడా అసలు ఉత్తరానికి సుమారు 25 డిగ్రీలు పడమరకు తిరుగుతుంది. నేల మీద దొరికిన తూటా, గుండీ ఏదీ తీయకూడదు. అది చట్టవిరుద్ధం, పైగా వస్తువు కదిలితే ఆ చోటు చెప్పే సాక్ష్యమే పోతుంది.

బసకు ఇసండ్ల్వానా లాడ్జ్‌కే నా ఓటు. న్యోని గట్టు వాలులో ఉంటుంది. పొద్దున, సాయంత్రం ఏటవాలు వెలుతురులో వాగులు, మిట్టపల్లాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఖరీదెక్కువే. డండీ ఊళ్లో గెస్ట్‌హౌస్‌లు చవక, కానీ రోజూ రానూపోనూ 140 కిలోమీటర్లు దాటుతుంది. రోడ్డు మీద గుంతలు, పశువులు ఉంటాయి కాబట్టి చీకటి పడ్డాక బండి నడపొద్దు. పెట్రోలు డండీలోనో న్కుతులోనో నింపుకోండి. పప్పులు, మసాలాలు డర్బన్‌లోని భారతీయ దుకాణాల్లో ముందే కొనుక్కోండి.

జూన్ నుంచి ఆగస్టు వరకు గడ్డి ఎండి కుప్పలు దూరం నుంచే కనిపిస్తాయి. జనవరిలో సాయంత్రాలు ఉరుముల వానలు పడి మట్టిరోడ్లు జారుతాయి.

రోర్క్స్ డ్రిఫ్ట్‌కు పూట చాలు. ఆస్పత్రి స్థలంలో మ్యూజియం ఉంది, మక్క బస్తాల గోడ ఉన్న చోట రాళ్లు పరిచారు. 1838లో బోయర్లకు (డచ్చి మూలాల వలసదారులకు), జులూలకు యుద్ధం జరిగిన బ్లడ్ రివర్‌కు వెళ్తే 64 కంచు బండ్ల వలయం ఒక గట్టున, జులూల వైపు కథ చెప్పే న్‌కోమే మ్యూజియం ఎదుటి గట్టున ఉంటాయి. రెండూ చూడండి, సమయం తక్కువైతే న్‌కోమేతోనే మొదలుపెట్టండి.