పేరాలో 'ఎ', 'ద' తీసేసి మళ్ళీ పెట్టడం: ఆర్టికల్స్ ప్రాక్టీస్‌పై కొన్నేళ్ళ వాడకం తర్వాత నా సమీక్ష

ఇంగ్లిష్ ఆర్టికల్స్ కోసం నేను మూడు రకాల ప్రాక్టీస్ వాడాను. ఖాళీలు పూరించే వర్క్‌బుక్ ఒకటి, ఫోన్‌లో గ్రామర్ యాప్ ఒకటి. మూడోది, ఇంగ్లిష్ పేపర్లోంచి ఒక పేరా తీసుకుని అందులోని 'ఎ', 'యాన్', 'ద' అన్నీ తీసేసి, మర్నాడు నా అంతట నేను మళ్ళీ పెట్టి, అసలు పేరాతో సరిచూసుకోవడం. మొదటి రెండూ కొన్ని నెలలు వాడి పక్కన పెట్టాను. మూడోది కొన్నేళ్ళుగా చేస్తూనే ఉన్నాను. ఈ సమీక్ష ముఖ్యంగా దాని గురించే. పైసా ఖర్చు లేదు, రోజుకు పావుగంట చాలు, బాగా పనిచేస్తుంది. అన్ని చోట్లా పనిచేయదు, అదీ చెబుతాను.

ముందు నా అవసరం ఏమిటో చెప్పాలి. హైదరాబాద్ శివార్లలో ఒక ఫార్మా ఫ్యాక్టరీలో క్వాలిటీ అష్యూరెన్స్ విభాగంలో పనిచేస్తాను. ప్రొడక్షన్‌లో ఏదైనా అనుకున్నట్టు జరగకపోతే డీవియేషన్ రిపోర్ట్ రాస్తారు, అది మా దగ్గరికి వస్తుంది. తర్వాత దాన్నే ఆడిటర్లు, విదేశాల నుంచి వచ్చే ఇన్‌స్పెక్టర్లు చదువుతారు. జరిగినప్పుడు వాళ్ళు అక్కడ లేరు, కాగితం మీద ఉన్నదే వాళ్ళకు తెలుస్తుంది. 'ది ఆపరేటర్ ఓపెన్డ్ ద వాల్వ్' అని ఉంటే, ఏ వాల్వో పైన ఎక్కడో చెప్పి ఉండాలి, లేదా ఆ ట్యాంకుకు ఉన్నది ఒక్కటే వాల్వ్ అయి ఉండాలి. 'ఓపెన్డ్ ఎ వాల్వ్' అంటే ఉన్నవాటిలో ఏదో ఒకటి తెరిచాడని. అది చదివిన ఇన్‌స్పెక్టర్ వెంటనే 'ఏది?' అని అడుగుతాడు. 'ఫ్యూ ట్యాబ్లెట్స్ వర్ బ్రోకెన్' అంటే విరిగినవి దాదాపు లేవని. 'ఎ ఫ్యూ ట్యాబ్లెట్స్' అంటే కొన్ని విరిగాయని. 'గ్లాస్ వాజ్ ఫౌండ్ ఇన్ ద డ్రమ్' అంటే డ్రమ్ములో గాజు ముక్కలు దొరికాయని, 'ఎ గ్లాస్ వాజ్ ఫౌండ్' అంటే మంచినీళ్ళ గ్లాసు దొరికిందని! ఇన్‌స్పెక్షన్ రోజున ఇలాంటి వాక్యాల దగ్గరే అసలు టెన్షన్. అందుకని ఆర్టికల్స్‌ని నేను చాలా గట్టిగా పట్టించుకుంటాను.

(అచ్చు శబ్దం ముందు 'ది' అని పలుకుతాం కాబట్టి ఇక్కడ అలాగే రాశాను. ఇంగ్లిష్ రాతలో రెండూ ఒకటే.)

వర్క్‌బుక్ సంగతి ముందు ముగిస్తాను. శబ్దాన్ని బట్టి 'ఎ'నా 'యాన్'నా అన్నది, పేర్లకు 'ద' వస్తుందా రాదా అన్నది నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదు. ఈ రెండూ నియమంగా చెప్పగలిగినవి, పదే పదే చేస్తే పట్టుబడతాయి. స్పెల్లింగ్‌తో పని లేదు, నోటి శబ్దం ముఖ్యం. 'యాన్ అవర్', 'ఎ యూనివర్సిటీ', 'ఎ వన్-రూపీ కాయిన్', 'యాన్ ఎమ్మెల్యే', 'యాన్ ఎఫ్ఐఆర్', 'యాన్ ఆర్టీసీ బస్'. అయితే మన రాష్ట్రాల వాళ్ళకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటి నేను వాడిన పుస్తకంలో లేదు. మనలో చాలామంది ఇంగ్లిష్ ఎనిమిదో అక్షరాన్ని 'హెచ్' అని పలుకుతాం. అలా పలికితే దాని ముందు 'ఎ' రావడమే సహజం. ప్రామాణిక ఉచ్చారణ మాత్రం 'ఎయిచ్'. కాబట్టి రాతలో హెచ్‌ఆర్ మేనేజర్‌కీ, మా ల్యాబ్‌లో ఉండే హెచ్‌పీఎల్‌సీ మెషీన్‌కీ ముందు 'యాన్' పెట్టాలి.

పేర్ల విషయంలో మన చుట్టూ ఉన్నవాటితోనే నేర్చుకుంటే మర్చిపోం. నది కాబట్టి 'ద గోదావరి', సముద్రం కాబట్టి 'ద బే ఆఫ్ బెంగాల్', కొండల వరుస కాబట్టి 'ద హిమాలయాస్'. ఒక్క శిఖరానికి రాదు, 'మౌంట్ ఎవరెస్ట్' అంతే. సరస్సుకూ రాదు, 'కొల్లేరు లేక్' అంతే. ఉస్మానియా యూనివర్సిటీకి, ఆంధ్రా యూనివర్సిటీకి 'ద' అక్కర్లేదు. అదే 'ద యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్'కి కావాలి, మధ్యలో 'ఆఫ్' వచ్చింది కాబట్టి. దేశాల్లో నెదర్లాండ్స్, ఫిలిప్పీన్స్ లాంటి బహువచనం పేర్లకు వస్తుంది. పాత ఇంగ్లిష్ పుస్తకాల్లో 'ద యుక్రెయిన్' అని కనిపిస్తుంది. 1991లో అది స్వతంత్ర దేశమయ్యాక క్రమంగా 'ద' పోయింది. ఇలాంటివి వర్క్‌బుక్‌తో కొన్ని వారాల్లో వచ్చేస్తాయి.

ఆ తర్వాత మాత్రం వర్క్‌బుక్ ముందుకు తీసుకెళ్ళదు. కారణం రెండు. ఒకటి, ఖాళీ గీసి ఉంచారంటే 'ఇక్కడ ఆలోచించు' అని వాళ్ళే చెప్పేసినట్టు. నిజంగా రాసేటప్పుడు ఎవరూ ఖాళీ గీసి ఇవ్వరు. రెండు, ఒంటరి వాక్యం. 'ఐ సా ... డాగ్' అని ఇచ్చి ఏం పెట్టాలో చెప్పమంటే ఏం చెబుతాం? ఏ కుక్కో వినేవాడికి తెలిస్తే 'ద', తెలియకపోతే 'ఎ'. ఆ సంగతి వాక్యంలో లేదు, దాని ముందు జరిగిన మాటల్లో ఉంది. యాప్‌లోనూ ఇదే లోటు. పైగా మూడు బటన్లలో ఒకటి నొక్కడమే పని కాబట్టి ఊహతో నెగ్గుకొచ్చేయవచ్చు. బస్సులో నిలబడి వెళ్ళేటప్పుడు తప్ప దాన్ని ఎవరికీ సిఫారసు చేయను.

ఇక పేరా పద్ధతి. పేపర్ వెబ్‌సైట్ నుంచి ఒకటి రెండు పేరాలు కాపీ చేసి వర్డ్ ఫైల్లో రెండుసార్లు పేస్ట్ చేస్తాను. ఒకటి అసలుది. రెండోదాంట్లో ఫైండ్ అండ్ రీప్లేస్‌తో మూడు ఆర్టికల్స్‌నీ తీసేస్తాను. 'ఫైండ్ హోల్ వర్డ్స్ ఓన్లీ' అనే గడిలో టిక్ పెట్టడం తప్పనిసరి, లేకపోతే 'ఫాదర్', 'అదర్' లాంటి మాటల మధ్యలో ఉన్న అక్షరాలు కూడా ఎగిరిపోతాయి. 'విటమిన్ ఎ', 'హెపటైటిస్ ఎ' లాంటివి ఉంటే చేత్తో వెనక్కి పెట్టాలి. వాక్యం మొదట్లో ఉన్న 'ద' పోయాక తర్వాతి మాట చిన్న అక్షరంతో మొదలవుతుంది, అది జవాబు చూపించేస్తుంది కాబట్టి దాన్ని పెద్ద అక్షరంగా మార్చాలి. ఖాళీలు మాత్రం వదలకూడదు. నా దృష్టిలో ఈ పద్ధతి ప్రాణమంతా ఇక్కడే ఉంది. మాటలన్నీ దగ్గరగా జరిగిపోవాలి. అప్పుడు ప్రతి నామవాచకం ముందూ ఆగి, 'ఇక్కడ ఏదైనా కావాలా, వద్దా?' అని అడుక్కోవాల్సి వస్తుంది. 'వద్దు' అనేది కూడా ఒక జవాబే. మనకు అన్నిటికంటే కష్టమైన జవాబు అదే.

దీనితో నాకు తెలిసివచ్చిన పెద్ద విషయం బస్సు ప్రమాదం వార్తల్లో దొరికింది. స్కూల్లో నేర్పే నియమం అందరికీ గుర్తే: మొదటిసారి 'ఎ', రెండోసారి 'ద'. కానీ వార్తలో 'ఎ బస్ ఓవర్‌టర్న్డ్' అని ఉంటుంది, వెంటనే 'ద డ్రైవర్' అని వస్తుంది. డ్రైవర్ గురించి అదే మొదటిసారి, అయినా 'ద'. ఎందుకంటే బస్సు అన్నాక డ్రైవర్ ఉంటాడు, ఒక్కడే ఉంటాడు. ప్రయాణికులు చాలామంది కాబట్టి 'ఎ ప్యాసింజర్'. టైర్లు చాలా కాబట్టి పేలింది 'ఎ టైర్'. స్టీరింగ్ ఒకటే కాబట్టి 'ద స్టీరింగ్ వీల్'. అదే వార్త తెలుగు పేపర్లో చదవండి. 'బస్సు బోల్తా పడింది, డ్రైవర్ పరారయ్యాడు' అని ఉంటుంది. ఏ గుర్తూ లేదు, అయినా పారిపోయింది ఆ బస్సు డ్రైవరేనని మనకు ఒక్క క్షణం కూడా సందేహం రాదు. అంటే ఆ లెక్క మన బుర్రలో ఇప్పటికే ఉంది. చదివేవాడికి ఏది తెలుసో, ఏది తెలియదో మనం అంచనా వేస్తూనే ఉంటాం. ఇంగ్లిష్‌లో ఆ అంచనాని ప్రతిసారీ పైకి చూపించాలి, అంతే తేడా. ఇది అర్థమయ్యాక ఆర్టికల్స్ అంటే మనవాళ్ళకు ఉండే భయం సగం పోతుందని నా గట్టి నమ్మకం. మనకు భాషా జ్ఞానం లేక ఇబ్బంది రావట్లేదు, గుర్తు పెట్టే అలవాటు లేక వస్తోంది. అలవాటు కాబట్టి రోజూ చేస్తే వస్తుంది.

ఏ ఆర్టికలూ వద్దనే చోట్లు కూడా ఈ పద్ధతిలోనే బాగా వంటబట్టాయి. 'ఇన్ఫర్మేషన్', 'ఎక్విప్‌మెంట్', 'ఎవిడెన్స్', 'ఫీడ్‌బ్యాక్', 'అడ్వైస్'. వీటి ముందు 'ఎ', 'యాన్' రావు. మన ఆఫీసు మెయిళ్ళలో రోజూ తిరిగే మాటలివి, రోజూ వీటి ముందు 'యాన్' కూడా తిరుగుతుంది. 'ఎక్స్‌పీరియన్స్' ఇంకా మెలిక: ఉద్యోగ అనుభవం అయితే ఏమీ వద్దు, జీవితంలో జరిగిన ఒక సంఘటన అయితే 'యాన్' కావాలి. ఇక 'మ్యాన్' అనే మాట. ఏమీ లేకుండా వాడితే మొత్తం మానవజాతి, 'ఎ' పెడితే ఒక మనిషి. 1969 జూలైలో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద కాలు పెట్టి అన్న మాటలో వినబడింది 'ఫర్ మ్యాన్' అని. తను అనదలచింది 'ఫర్ ఎ మ్యాన్' అని ఆయన తర్వాత చెప్పాడు. ఆ 'ఎ' లేకపోతే మానవజాతికి చిన్న అడుగు, మానవజాతికి పెద్ద గెంతు అని ఒకదానికొకటి పొసగని వాక్యం మిగులుతుంది.

లోపాలు చెబుతాను. మొదటిది, ఇది జవాబు చూపిస్తుంది కానీ కారణం చెప్పదు. కారణం కోసం పక్కన ఒక మంచి గ్రామర్ పుస్తకం ఉండాలి. ఈ మధ్య ఏఐ చాట్‌లను కూడా అడుగుతున్నారు. నేనూ అడుగుతాను, కానీ నా జవాబు రాసుకున్నాకే. ముందే అడిగితే, మనం ఏది చూపించినా దానికి ఒక కారణం అల్లి ఇచ్చే ప్రమాదం ఉంది.

రెండోది, ఒకే చోట రెండు జవాబులు సరిపోతాయి. మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయికి ఈ పద్ధతి అలవాటు చేశాను. ఒకరోజు రెండు ప్రింట్లు పట్టుకుని వచ్చి, "మేడమ్, పేపర్లో 'టేకెన్ టు హాస్పిటల్' అని ఉంది, నేను 'టు ద హాస్పిటల్' అని పెట్టాను. నాది తప్పెలా అవుతుంది?" అని నిలదీసింది. తప్పు కాదు. వైద్యం కోసం వెళ్ళినప్పుడు బ్రిటిష్ వాళ్ళు ఏమీ పెట్టరు, అమెరికన్లు 'ద' పెడతారు. ఊళ్ళో ఉన్న అనేక ఆసుపత్రుల్లో ఒకదానికి అని చెప్పాలనుకుంటే 'ఎ హాస్పిటల్' కూడా కుదురుతుంది. ఒంటరిగా చేసేవాళ్ళు ఇలాంటి చోట తమది తప్పనుకుని నిరాశపడతారు. అందుకే ఇద్దరు కలిసి చేస్తే మేలు. తేడా వచ్చిన చోట పది నిమిషాలు వాదించుకుంటే వచ్చే లాభం, ఇంకో పేరా చేస్తే రాదు.

మూడోది, ఏ రాత పడితే ఆ రాత దీనికి పనికిరాదు. హెడ్డింగుల్లో, ఫొటోల కింద వ్యాఖ్యల్లో ఆర్టికల్స్ కావాలనే వదిలేస్తారు. మందు సీసాల మీద ఉండే 'షేక్ వెల్ బిఫోర్ యూజ్' తరహా భాష, మా బ్యాచ్ రికార్డుల్లో ఉండే 'క్లోజ్ వాల్వ్' తరహా భాష కూడా అంతే. అక్కడ అది సరైనదే. చిక్కేమిటంటే మా ఆపరేటర్లు రోజంతా చదివేది ఆ భాషే, రిపోర్ట్ రాయడానికి కూర్చున్నప్పుడు చేతికి వచ్చేదీ అదే. మన దేశపు పేపర్లలో పదవుల ముందు, పోలీసుల ముందు 'ద' ఉంచడంలో ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి. అందుకని కొన్నాళ్ళపాటు ఒకే పేపర్‌కి కట్టుబడి ఉండటం మంచిది.

నాలుగోది, మాట్లాడటానికి ఇది నేరుగా ఉపయోగపడదు. రాతలో వచ్చిన పట్టు మాటలోకి చాలా నెమ్మదిగా దిగుతుంది. నేను సరిచేసిన పేరాని పైకి రెండుసార్లు చదువుతాను, అది కొంత సాయం చేసింది.

ఎవరికి పనికొస్తుంది? స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ), బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్ళకు మొదట వర్క్‌బుక్కే సరి, ఎందుకంటే అక్కడ అడిగేది ఎక్కువగా ఒంటరి వాక్యాలే. ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్ళకు మాత్రం ఇదే మేలు. అందులో రైటింగ్‌ని నాలుగు కొలమానాలతో చూస్తారు, గ్రామర్ వాటిలో ఒకటి, దాని వాటా నాలుగో వంతు. మీరు రాసిన వ్యాసం మొత్తం చదివే మనిషి ప్రతి 'ద' దగ్గరా 'ఏది?' అని మనసులో అనుకుంటాడు. రిపోర్టులు, మెయిళ్ళు, థీసిస్ రాసేవాళ్ళ పరిస్థితీ అదే.

మొదలుపెట్టేవాళ్ళు ప్రమాదాలు, దొంగతనాల వార్తలతో మొదలుపెట్టండి. మనుషులు, వస్తువులు, చోట్లు స్పష్టంగా ఉంటాయి, ఎవరు కొత్తగా వచ్చారో ఎవరు ముందే తెలుసో ఇట్టే పట్టుకోవచ్చు. తర్వాత క్రికెట్ మ్యాచ్ రిపోర్టులు. ఆ తర్వాత సైన్స్ వార్తలు, 'ఎ నంబర్ ఆఫ్' తర్వాత బహువచన క్రియ, 'ద నంబర్ ఆఫ్' తర్వాత ఏకవచన క్రియ లాంటివి అక్కడ బాగా తగులుతాయి. ఎడిటోరియల్స్ చివరికి ఉంచుకోండి. వాటి నిండా 'గవర్నెన్స్', 'జస్టిస్', 'గ్రోత్' లాంటి మాటలే ఉంటాయి, ఒక్కోదాని ముందు ఏమీ ఉండదు, అదే మాటకు వెనక 'ఆఫ్' తగిలితే తరచుగా 'ద' వస్తుంది. ఎడిటోరియల్ చేసిన రోజు ఒక్క పేరాతో ఆపేయండి.