ఇరవై ముఖాల పాచికా, ఇరవై మంది రెయిడా: ఏది కష్టం?

బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్లని అడిగితే వీడియో గేమ్‌లో ఏముంది, బటన్లు నొక్కడమేగా అంటారు. ఆన్‌లైన్ వీడియో గేమ్ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆడేవాళ్లేమో బల్ల చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకోవడం కూడా కష్టమేనా అని నవ్వుతారు. నేను రెండూ ఆడాను. ఇద్దరూ అవతలి ఆటని తక్కువ అంచనా వేస్తున్నారు.

ముందు వార్‌క్రాఫ్ట్. 2004లో వచ్చిన ఈ ఆటలో బాస్‌లనే పెద్ద శత్రువుల మీద గుంపుగా పడటాన్ని రెయిడ్ అంటారు. వాటిలో అన్నిటికన్నా గట్టిదైన మిథిక్ రెయిడ్‌కి సరిగ్గా ఇరవై మంది కావాలి. దెబ్బలు కాచుకునే ట్యాంకులు, గాయాలు మాన్పే హీలర్లు, మిగతావాళ్లంతా కొట్టేవాళ్లు. కాళ్ల కింద వలయం వెలిగిందంటే పక్కకి జరగాలి. ఒక్కరు ఆలస్యమైతే అందరూ పోవచ్చు, మళ్లీ మొదటి నుంచి. ఒకే బాస్ చేతిలో వందసార్లు చావడం అక్కడ వింతేమీ కాదు. అయితే ఆ బాస్ ఏ దెబ్బ తర్వాత ఏ దెబ్బ వేస్తాడో చాలావరకు ముందే తెలుస్తుంది. కొన్నాళ్లకి ఎక్కాలు అప్పజెప్పినట్టు వేళ్లు వాటంతటవే కదులుతాయి. ఇంట్లో ఎవరైనా సినిమా డౌన్‌లోడ్ పెట్టి పింగ్, అంటే నెట్ ఆలస్యం, పెరిగితే మాత్రం ఆ సాధనంతా గంగపాలు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అమెరికాలో పుట్టింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తయారుచేశారు. ఇక్కడ అప్పజెప్పడానికి ఎక్కమే లేదు. తాళం వేసిన తలుపు ఎదురైందనుకోండి. వీడియో గేమ్‌లో తాళంచెవి వెతకాలి, లేదా ఆట ఇచ్చిన రెండు మూడు దారుల్లో ఒకటి పట్టాలి. బల్ల దగ్గర పూజారి వేషం వేసి తలుపు తట్టొచ్చు, కాపలావాడికి సారా పోయించొచ్చు, అసలు గోడే తవ్వొచ్చు. ఏది కుదురుతుందో కథ నడిపే డంజన్ మాస్టర్ తేలుస్తాడు.

పాచిక అంటే వైకుంఠపాళిలా అంతా అదృష్టమే అనుకుంటారు. కాదు. గెలవడానికి 15 రావాలి, మీ పాత్రకి +3 ఉంది, అంటే పాచికపై పడినదానికి 3 కలుస్తుంది అనుకుందాం. ఇరవై ముఖాల పాచికపై 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి, అంటే 45 శాతం అవకాశం. పథకం బాగుందని మాస్టర్ అడ్వాంటేజ్ ఇస్తే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చు. అవకాశం దాదాపు 70 శాతానికి పెరుగుతుంది. ఆ పథకం ఆలోచించడమే అసలు ఆట. పైగా దాన్ని నలుగురి ముందు నోరు విప్పి చెప్పాలి. పుస్తకం ఇంగ్లీషులో ఉన్నా మా బల్ల దగ్గర బేరాలన్నీ తెలుగులోనే. అయినా మొదటి రోజు సిగ్గుతో నాకు నోరు పెగల్లేదు.

ఇక చావు. ప్రాణాలు సున్నాకి పడితే ప్రతి వంతులో ఒక పాచిక. పది, ఆపైన పడితే గెలుపు, తక్కువైతే ఓటమి. మూడు గెలుపులొస్తే నిలదొక్కుకుంటారు, ముందే మూడు ఓటములైతే పోయినట్టే. బతికించే మంత్రాలు లేకపోలేదు గానీ, వాటిలో చవకైన రివివిఫైకే 300 బంగారు నాణేల విలువైన వజ్రాలు కావాలి, అదీ చచ్చిన నిమిషంలోపు. ఏడాదిపాటు పెంచుకున్న పాత్ర కోసం ఆ మూడో పాచిక వేసేటప్పటి టెన్షన్ నాకు ఏ రెయిడ్‌లోనూ రాలేదు.

కాబట్టి చేతులకి కష్టం రెయిడ్, బుర్రకీ గుండెకీ కష్టం బల్ల. నా ఓటు బల్లకే. కానీ రాత్రి గంట మాత్రమే ఖాళీ దొరికేవాళ్లకి ఆన్‌లైనే నయం. ఐదుగురు ఉద్యోగస్తులకి ఒకే ఆదివారం కుదరడం ఏ డ్రాగన్‌ని చంపడం కన్నా కష్టం.

మధ్యేమార్గం కావాలంటే 2023లో వచ్చిన వీడియో గేమ్ బాల్డర్స్ గేట్ 3 ఉంది. నియమాలు చాలావరకు బల్లవే, పాచిక తెర మీదే దొర్లుతుంది. తప్పు పడినప్పుడల్లా పాత సేవ్ లోడ్ చేసుకునే వీలుంది, నేనూ సిగ్గు లేకుండా అదే చేశాను. అలా కుదరకూడదనుకునేవాళ్లకి ఆనర్ మోడ్ అని ఒకటుంది, అందులో సేవ్ ఒక్కటే. దాంట్లో నేనింకా మొదటి అంకం దాటలేదు.