స్టోరీవీవర్ సైటులో కథలు: ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో

మాది సిరిసిల్ల. ఇంట్లోనే మిషన్ కుడతాను. చదువు పదో తరగతి, తెలుగు మీడియం. ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, షాపుల బోర్డులు చదువుతాను. అదే రెండు వరుసల వాక్యం ఎదురైతే మాత్రం చదవకుండానే పక్కన పెట్టేసేదాన్ని. అంతకుముందు ఒక స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్లో మూడు వేలు కట్టి చేరాను. మూడు నెలలూ వాక్యాలు బట్టీ పట్టించారు, చదవడానికి ఒక్క పుస్తకం చేతికివ్వలేదు.

2022లో మా బిడ్డ సర్కారు బడిలో ఒకటో తరగతిలో చేరింది. తెలంగాణ సర్కారు బళ్లలో ఇంగ్లీషు మీడియం మొదలైంది ఆ ఏడాదే. పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. బిడ్డ పక్కన కూర్చుంటే నాకొక సంగతి తట్టింది. తెలుగు పేజీ ముందు చదివేసి ఇంగ్లీషు పేజీకి వెళ్తే భయం ఉండటం లేదు. సంగతేమిటో ముందే తెలుసు కాబట్టి మనసంతా మాటల మీదే పెట్టొచ్చు. పాఠాలు అయిపోయాక ఇలాంటివి ఇంకా ఎక్కడ దొరుకుతాయని అడిగితే, వాళ్ల టీచరమ్మ స్టోరీవీవర్ పేరు చెప్పింది.

ఇది పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన సైటు. పిల్లల బొమ్మల కథలు, ఎన్నో భాషల్లో. పైసా కట్టక్కర్లేదు, చదవడానికి లాగిన్ కూడా అవసరం లేదు. నాకు పనికొచ్చింది ఏమిటంటే, చాలా కథలు అవే బొమ్మలతో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి. కథలకు నాలుగు లెవెల్స్. మొదటిదాంట్లో కథ మొత్తం 250 మాటల లోపే, రెండోది 600 దాకా, మూడోది 1500 దాకా, నాలుగోది అంతకు మించి.

నేను చదివే పద్ధతి ఇది. రాత్రి అన్నాలయ్యాక కథ తెలుగులో ఒకసారి. వెంటనే అదే కథ ఇంగ్లీషులో, పైకి గట్టిగా. మర్నాడు పొద్దున తెలుగు ముట్టకుండా ఇంగ్లీషు ఒక్కటే. మూడోసారికి ఎక్కడ ఆగానో ఆ మాటలు నోట్‌బుక్‌లో రాసుకుంటాను. అన్నీ రాయను. మళ్లీ ఇంకో కథలో కనబడినవే రాస్తాను, ఎందుకంటే రోజూ పనికొచ్చే మాటలు అవే.

మనకు ఇంగ్లీషు చదవడం ఎందుకు కష్టమో ఇక్కడే తెలిసింది. తెలుగులో రాసిందే పలుకుతాం. అక్కడ అలా కాదు. బంతి విసిరాడనే 'థ్రూ' ఒకలా రాస్తారు, సందులోంచి వెళ్లాడనే 'థ్రూ' ఇంకోలా రాస్తారు, పలకడం మాత్రం ఒకటే. ముడికి 'నాట్' అంటారు, ముందు 'కె' ఉంటుంది, పలకరు. నడిచాడనే 'వాక్ట్'ని నేను చాలా రోజులు 'వాకెడ్' అనే చదివాను. ఈ సైటులో రీడ్‌అలాంగ్ అని కొన్ని కథలున్నాయి. గొంతు చదువుతుంటే తెర మీద ఆ మాట రంగు మారుతుంది. 'జంప్ట్', 'వాంటెడ్' రెండింటి చివరా 'ఇ, డి' అనే అవే అక్షరాలున్నా వేరువేరుగా పలకాలని చెవితో విన్నాకే నా నోరు తిరిగింది. మొదలుపెట్టేవాళ్లు వీటితోనే మొదలుపెట్టండి.

ఇంకో కష్టం వాక్యం నడక. మన వాక్యంలో పని చివర్లో వస్తుంది, అక్కడ ఎవరు అన్న వెంటనే ఏం చేశారన్నది వస్తుంది. ఒకే బొమ్మ కింద రెండు వాక్యాలూ చూసీ చూసీ నాకది అలవాటైంది. వ్యాకరణం ఎవరూ చెప్పలేదు.

ఇది ఇంగ్లీషు నేర్పే కోర్సు కాదు. పాఠాలుండవు, పరీక్షలుండవు, మీ తప్పు దిద్దేవాళ్లుండరు. ఎవరైనా కథ అనువదించి పెట్టే వీలుంది కాబట్టి భాష అన్నిట్లో ఒకేలా ఉండదు. నేను ప్రథమ్ బుక్స్ పేరున్నవే ముందు ఎంచుకుంటాను. చిన్న ఫోన్లో బొమ్మ పక్కన అక్షరాలు చిన్నగా కనబడతాయి. నేను పీడీఎఫ్ దించుకుని జిరాక్స్ షాపులో తీయించుకున్నాను. ఈ కథలను ఎవరైనా అచ్చు వేసుకోవచ్చని లైసెన్సులోనే రాసి ఉంది, కాబట్టి అందులో తప్పేమీ లేదు. పదహారు పేజీల కథ షాపతను కుట్టు పెట్టి ఇచ్చాడు. ఇప్పుడు అలాంటివి పదకొండు ఉన్నాయి, పక్కింటి పిల్లలు తీసుకుపోయి తెచ్చిస్తారు.

బ్లౌజులకు వచ్చేవాళ్లు చూసి, "పిల్లల కథలు నువ్వెందుకక్కా" అంటారు. పెద్దవాళ్ల పుస్తకం తెరిస్తే వరుసకు నాలుగు తెలియని మాటలు, పేజీ దాటకముందే మూసేస్తాం. ఇక్కడ పేజీకి ఒకటో రెండో, వాటినీ బొమ్మ చెప్పేస్తుంది. మొదటి నెలలోనే ఇరవై కథలు పూర్తిచేశాను. చేతిలో పుస్తకం చివరి పేజీ దాకా రావడం నాకు బడి మానేశాక అదే మొదలు.

ఎనిమిది నెలలైంది. మూడో లెవెల్లో ఉన్నాను, ఒక్కో కథకు రెండు రాత్రులు పడుతోంది. పోయిన వారం మిషన్ కుట్టు అడుగున దారం ఉంగరాలుగా తేలుతోంది. మెకానిక్‌ను పిలిచేముందు మిషన్‌తో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం తీశాను. బాబిన్, టెన్షన్, నీడిల్ అన్నీ రోజూ నోటితో అనే మాటలే, కాగితం మీద ఎప్పుడూ చూడలేదు. పై దారం వదులైతే అలా అవుతుంది, టెన్షన్ పెద్ద అంకె వైపు తిప్పమని ఉంది. తిప్పాను, కుట్టు సరిగ్గా పడింది. ఆ పేజీ మా బిడ్డకు చదివి వినిపించాను. అది 'టెన్షన్' స్పెల్లింగ్ చూసి, "ఇందులో ష ఎక్కడుందమ్మా" అని అడిగింది.