గుత్తి కోట: గోడకూ గోడకూ మధ్య

గుత్తికి వెళ్ళాలా, గండికోటకు వెళ్ళాలా అని అడిగేవారికి నా మాట ఇది. సౌకర్యం కావాలంటే గండికోట. అక్కడ పెన్నా లోయ ఉంది, కోట దగ్గరే హరిత హోటల్ ఉంది. కోట ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలంటే మాత్రం గుత్తికే రండి.

సైన్యంలో ట్యాంకుల మరమ్మతు పనిచేసి రిటైరైన మా బాబాయితో వెళ్ళాను. మేం దిగిన లాడ్జిలో వేడినీళ్ళు ఇస్తామని చెప్పి, తెల్లవారాక లేవన్నారు. అనంతపురంలో బస చేసి ఉదయాన్నే బస్సులో రావడం మేలు, 50 కిలోమీటర్లే.

కొండ ఎక్కుతుంటే ఒక ద్వారం, దాని వెనుక మరో గోడ, ఆ గోడకు ఇంకో ద్వారం. మూడో మలుపులో బాబాయి నిలబడిపోయారు. "గోడల కంటే ఈ మధ్య జాగా చూడు" అన్నారు. ట్యాంకు కవచంలోనూ ఇదే కిటుకని, టిఫిన్ డబ్బా మూతలు రెండింటిని ఉక్కు పలకల్లా జానెడు ఎడంగా నిలబెట్టి, పెన్నును తూటాలా పట్టుకున్నారు. గట్టి ఉక్కు పలకను చీల్చుకుని వచ్చేసరికి తూటా పైతొడుగు ఊడుతుంది, ఒక్కోసారి లోపలి మొన విరుగుతుంది, తూటా పక్కకు ఒరుగుతుంది. ఖాళీలో ప్రయాణించే కొద్దీ ఆ ఒరుగుడు పెరుగుతుంది. ఆయన పెన్నును మెల్లగా తిప్పి, రెండో మూతకు అడ్డంగా ఆనించారు. మొనతో గుచ్చుకోవలసింది పక్కవాటుగా పడింది! రెండు పలకలనూ అతికించి పెడితే తూటాకు ఒరిగే చోటే ఉండదు.

తర్వాత మూతను వాల్చారు. నిటారు నుంచి 60 డిగ్రీలు వాలిన 10 మిల్లీమీటర్ల పలకలో, ఎదురుగా వచ్చే తూటా 20 మిల్లీమీటర్ల ఉక్కును దాటాలి. "బరువు కలిసివస్తుందనుకోకు నాన్నా, అంతే ఎత్తు కప్పడానికి పలక పొడవూ రెట్టింపు కావాలి. అసలు లాభం తూటా దారి మళ్ళి జారిపోవడం" అన్నారు. రష్యావారి టీ-34 ట్యాంకు ముందు పలక 45 మిల్లీమీటర్లే, కానీ ఇలాగే 60 డిగ్రీలు వాలి ఉంటుంది.

పైన, గుత్తిని ఏలిన మరాఠా నాయకుడు మురారిరావు గద్దె దగ్గర గాలికి ఎంతసేపైనా కూర్చోవచ్చు. 1776లో హైదర్ అలీ ముట్టడిలో ఆయన లొంగిపోయింది నీళ్ళు అయిపోయినందుకే. మనిషికి రెండు లీటర్లైనా కిందనుంచే తీసుకెళ్ళండి.