చూడ్డానికి వెళ్తే బ్లాకాలా, బార్కాల్డినా?

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం లోపలి గొర్రెల సీమలో ఈ రెండు ఊళ్ల మధ్య వంద కిలోమీటర్ల పైనే. అక్కడ అది పక్క ఊరి కిందే లెక్క!

బార్కాల్డిన్‌ది రాజకీయ కథ. 1891లో ఉన్ని కత్తిరించే కూలీలు సమ్మె చేసి గుమిగూడిన చెట్టు అక్కడిదే. 2006లో ఆ చెట్టుని ఎవరో విషం పెట్టి చంపేశారు. ఇప్పుడు మోడు, పైన వేలాడే చెక్కల గొడుగు. అరగంట చాలు.

నా ఓటు బ్లాకాల్‌కే. 1908 నాటి ఉన్ని కడిగే కార్ఖానా ఆవిరి యంత్రంతో సహా అలాగే ఉంది. భూమిలోంచి వేడిగా ఉబికే బోరు నీళ్లతో ఉన్ని జిడ్డు వదిలించేవారు. 1978లో పని ఆగింది. ఆ దగ్గర్లోనే 1892లో జాకీ హౌ అనే ఉన్ని కత్తిరించే కూలీ చేతి కత్తెరతో ఒక్కరోజులో 321 గొర్రెల ఉన్ని తీశాడు. తలుచుకుంటేనే మణికట్టు లాగేస్తుంది.

ఏ ఊరికైనా జూన్, జులైల్లో వెళ్లండి, అక్కడ అప్పుడే చలికాలం. డిసెంబరు ఎండ మన రెంటచింతలకి తీసిపోదు.