మార్కు లేని బుల్లెట్ బ్లాకు కొంటున్నారా? కాస్త ఆగండి

పాత బుల్లెట్‌కి బ్లాకు (ఇంజనులో పిస్టన్ ఆడే సిలిండరు భాగం) వెతుకుతున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నా. విజయవాడ ఆటోనగర్‌లో నాకు ఒకచోట "పాత కంపెనీ స్టాకు" అని పచ్చి పోత (అచ్చులో పోసి ఇంకా చెక్కని) బ్లాకు అంటగట్టారు. దాని మీద పేరు లేదు, నంబరు లేదు, బోరింగ్ (పిస్టన్ ఆడే రంధ్రాన్ని లేత్ మీద కొలతకి కోయడం) కూడా కాలేదు. 4,200 పెట్టి కొన్నా. బోరింగ్ కూలి 900 కలిపితే 5,100. బూడిదలో పోసిన పన్నీరే.

బండి మా నాన్నగారిది, 350 కాస్ట్ ఐరన్ ఇంజను. బోరు, అంటే ఆ రంధ్రం వెడల్పు, 70 మి.మీ.; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 90 మి.మీ.; మొత్తం 346 సీసీ. షాపులో మా పాత బ్లాకు పక్కన పెట్టి చూస్తే ఎత్తు, ఫిన్స్ (వేడి తగ్గించే బయటి రెక్కలు) అచ్చం ఒకేలా ఉన్నాయి. "మార్కు లేకపోతే ఏంటండీ, సరుకు అదే కదా" అన్నాడు షాపతను. నల్లగా జిడ్డు పట్టి ఉంటే పాతదే అని నేనూ నమ్మా. ఇంటికొచ్చి కిరోసిన్‌తో కడిగితే జిడ్డు కింద బూడిదరంగు కొత్త పోత, ఫిన్స్ సందుల్లో ఇసుక! అప్పుడే వెనక్కి పట్టుకెళ్లాల్సింది. ఆశ కదా, పట్టుకెళ్లలేదు.

లేత్ బాబాయ్ మొదటి కోతకే మొహం చిట్లించాడు. మంచి బీడైతే (బీడంటే కాస్ట్ ఐరనే) చిప్ పొడిలా రాలి వేలికి నల్లగా అంటుతుంది, ఆ నలుపు గ్రాఫైటు. ఇది కొంతమేర అలాగే రాలింది గానీ, అంచు దగ్గరికొచ్చేసరికి టూలు కీచుమని కొస విరిగింది. పోత త్వరగా చల్లారిన చోట బీడు తెల్లబడి గట్టిపడుతుందట. అక్కడ ఆకురాయి పెట్టినా జారిపోయింది.

టూలు మార్చి ఇంకో కోత వేశాక అసలు సంగతి బయటపడింది. బుల్లెట్‌లో వాల్వులను తెరిచే పుష్‌రాడ్లు వెళ్లే సొరంగం బ్లాకు పోతలోనే కలిసి ఉంటుంది. పోసేటప్పుడు లోపల ఖాళీ కోసం పెట్టే ఇసుక కోరు పక్కకి జరిగిందేమో, అటువైపు గోడ పలచబడింది. బాబాయ్ ఆ సొరంగంలోకి టార్చి వేసి, నన్ను బోరులోకి చూడమన్నాడు. ఆవగింజంత వెలుగు చుక్క కనిపించింది, అంటే గోడకి బొక్క పడింది.

షాపుకి తీసుకెళ్తే "లేత్ ఎక్కిన సరుకు వాపసు లేదు" అన్నారు. లేత్ ఎక్కిస్తేనే కదా లోపం తెలిసేది! వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేద్దామంటే, నా దగ్గరున్నది అంకె మాత్రమే వేసిన చీటీ.

కాబట్టి కొనేముందే జిడ్డు కడిగించి చూడండి. అంచుల్లో ఆకురాయితో గీకండి. కాలిపర్ పెట్టి గోడ మందం చుట్టూ, పైనా కిందా కొలవండి. పగులు అనుమానముంటే కిరోసిన్ రాసి, పొడిగా తుడిచి, సుద్ద పూయండి. కాసేపటికి పగులు ఉన్నచోట తడి గీత తేలుతుంది. ఇంత చేసినా లోపలి బొక్క దొరక్కపోవచ్చు. అందుకే "బోరింగ్‌లో లోపం తేలితే వాపసు" అని బిల్లు మీద రాయించుకోండి. రాయను అంటే బేరం ఆడకుండా వచ్చేయండి.

చివరికి మా పాత బ్లాకుకే స్లీవు (లోపల బిగించే కొత్త గొట్టం) వేయించి 70కి బోరు చేయించాం. నాన్నగారు నిన్న బెంజి సర్కిల్ దాకా నెమ్మదిగా తిప్పుకొచ్చి, "ఈ పని ముందే చేయించమన్నా కదరా" అన్నారు.